చదువురాని చెయ్యి

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోయడం అలవాటైపోయింది. నడుం నొప్పిలాంటిది. ఉందని రోజూ అనుకోను, పోయిందనీ అనుకోను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలంటే ముందు వాళ్ళ మొహం చూడాలి.

పేర్లు రాయను. మాది కొత్తపేట దగ్గర ఒక పల్లె. కొబ్బరితోట ఉంది, కాస్త వరిచేను ఉంది. మా ఆయన పోయారు. కొడుకు కొబ్బరికాయల వ్యాపారం చేస్తాడు. కోడలు అప్పట్లో అమలాపురంలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేది. నేను తప్పు చేసింది ఆ కోడలికి. కొడుక్కి తెలియదు. కోడలికి కూడా తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. అది లేకపోతే ఈ తప్పు లేదు.

చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. ఎందుకు పంపలేదని నేనూ అడగలేదు. అరవై దాటేదాకా వేలిముద్రే. ఒకసారి బస్టాండులో అమలాపురం బస్సనుకుని రావులపాలెం బస్సు ఎక్కేశాను. ఇంటికొచ్చి చెబితే కొడుకు కడుపు పట్టుకుని నవ్వాడు. కోడలు నవ్వలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం కొడుకు ఇంట్లో లేనప్పుడు వంటింట్లో నా ముందు పలక పెట్టింది.

"ఎవరికీ చెప్పకు. ఈ వయసులో అఆలు దిద్దుతోందంటే ఊరంతా నవ్వుతారు" అన్నాను.

"చెప్పనండి అత్తయ్యగారూ. వచ్చాక మీరే చెబుదురుగాని" అంది.

మాట నిలబెట్టుకుంది. కొడుక్కి కూడా చెప్పలేదు. అన్నిటికంటే 'ఎ' నన్ను ఎక్కువ ఏడిపించింది. ఎంత రాసినా వంకర తిరిగిపోయేది. ఎ అంటే ఎలుకండీ అని చెప్పి, చెయ్యి పట్టుకుని దిద్దించేది. ఓపిక ఎక్కువ ఆ పిల్లకి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మంచి కోడలు అనుకుంటున్నారు కదా. మంచిదే. కాని నిజం రాయడానికి కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. ఆ పలక ముందు కూర్చున్నప్పుడల్లా నాకు లోపల ఏదో మండేది. ఈ ఇంట్లో ఉప్పు ఎంత వెయ్యాలో దానికి నేర్పింది నేను. అలాంటిది నేను తల వంచుకుని కూర్చోవాలి, అది నన్ను బాగుందండీ అని మెచ్చుకోవాలి. మెచ్చుకుంటే ఇంకా మండేది. అది కోపం కాదు. కోపమైతే తిట్టి ఊరుకునేదాన్ని. అక్కసు అంటారే, అది. నేర్పుతున్న మనిషి మీద అక్కసు ఏమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. జవాబు రాలేదు. అక్షరాలు మాత్రం వచ్చాయి. వచ్చాయని నేనూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఇక కార్ల సంగతి.

కోడలు స్కూలుకి స్కూటర్ మీద వెళ్ళేది. ఒక వానాకాలం కాలవగట్టు మీద జారి పడింది. ఎడమ మడమ విరిగితే లోపల ప్లేటు వేశారు. ఇక స్కూటర్ వద్దన్నాడు డాక్టరు. మా ఊరికి బస్సు రాదు. ఆటో ఎక్కి, ఇంకో ఆటో మారి, బస్సు పట్టుకుని వెళ్ళేసరికి మొదటి పీరియడు అయిపోయేది. స్కూలువాళ్ళు పిలిచి మెత్తగా చెప్పారు, తరువాత గట్టిగా చెప్పారు. అందుకని కారు కొందామనుకున్నారు. ఇప్పుడు అందరూ కొంటున్నారే, ఎత్తుగా, కురచగా, చూడ్డానికి జీపులా ఉండే కారు, అలాంటిది.

రెండు నచ్చాయి. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. కంపెనీలు మీకెందుకు, రెండూ మంచి బండ్లే. తెల్లది కోడలికి నచ్చింది. దానికి క్లచ్చి లేదు, గేర్లు దానంతటదే మార్చుకుంటుంది, ఎడమ కాలికి పని లేదు. సీటు పైకి లేపుకుంటే కాలవగట్టు అంచు కనిపిస్తుంది. ఎర్రది కొడుక్కి నచ్చింది. డీజిలు. గేర్లు. ముందు భాగం పొడుగు. వెనక కొబ్బరి బస్తాలు పడతాయి.

ఇంట్లో రోజూ ఇదే గొడవ. గొడవంటే అరుపులు కాదు. మావాళ్ళు మర్యాదగానే పొడుచుకుంటారు.

"టీచరమ్మగారూ, గేరు లేని బండి పిల్లలాడుకునే బండండి" అనేవాడు కొడుకు.

"అయితే నా మడమ మీరు పెట్టుకుని మీ మడమ నాకివ్వండి. ఎర్రదే కొందాం."

"పెళ్ళికెళితే నలుగురూ చూడొద్దా?"

"పెళ్ళిళ్ళు ఎప్పుడోనండి. స్కూలు రోజూనండి."

అప్పటికి వాడు నవ్వేసేవాడు. మర్నాడు మళ్ళీ మొదటికే వచ్చేవాడు.

షోరూముకి నన్నూ తీసుకెళ్ళారు. రెండు బండ్లూ తోలి చూశారు. తెల్లది కోడలు తోలింది. నేను వెనక కూర్చున్నాను. ముందున్న చిన్న అద్దంలో ఆమె మొహం కనిపించింది. పడిపోయాక ఆ మొహంలో అంత నిమ్మళం నేను చూడలేదు. ఆ కారు ఆమెకి ఎంత అవసరమో నాకు అక్కడే తెలిసింది. తెలియక చేశానని అనుకోకండి. తెలుసు.

నాకు తెలిసిన ఇంకో సంగతి, ఆ బండి వెనక సీటులో నా మోకాళ్ళు ముందు సీటుకి తగిలాయి. ఎర్రదాంట్లో కాళ్ళు చాపుకోవచ్చు.

ఎటూ తేలలేదు. కోడలు అప్పుడు వాడపల్లి స్వామికి ఏడు శనివారాలు గుడికి వస్తానని మొక్కుకుని తిరుగుతోంది. ఆఖరి శనివారం వచ్చాక చీటీలు వేద్దాం, స్వామి ఏది చెబితే అది, అంది ఆమే. మా వైపు ఇది కొత్త కాదు. సంబంధమైనా, స్థలమైనా, ఎటూ తేలకపోతే చీటీలు రాసి పటం ముందు పెడతారు. ఒకటి తీస్తారు. వచ్చింది వచ్చినట్టే. తరువాత ఎవరూ నోరెత్తకూడదు. తీసేది పసిపిల్లలైనా కావాలి, చదువురానివాళ్ళైనా కావాలి. మా ఇంట్లో అప్పటికి పసిపిల్లలు లేరు.

కొడుకు క్యాలెండరు కాగితం చింపాడు. స్వామికి కంపెనీల ఇంగ్లీషు పేర్లు ఎందుకని, తెలుగులో రంగులు రాశాడు. తెలుపు అని ఒకటి, ఎరుపు అని ఒకటి. మడిచి, పటం ముందు ఇత్తడి పళ్ళెంలో అక్షింతల మీద వేశాడు.

"అమ్మ తీస్తుంది. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. చదువురాని చెయ్యి. అందులో మోసం ఉండదు" అన్నాడు.

కోడలు నా వైపు ఒక్కసారి చూసింది. నాకు చదవడం వచ్చని ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. చెప్పొచ్చు. చెప్పలేదు. తల వంచుకుని దణ్ణం పెట్టుకుంది. ఎందుకు చెప్పలేదు? నాకిచ్చిన మాట కోసమా? కొడుకు ముందు నా గుట్టు బయటపడితే నేను చిన్నబోతానని జాలిపడిందా? లేక, అత్తయ్యగారు ఎలాగూ నా చీటీయే తీస్తారు, నేర్పిందాన్ని నేనే కదా అని లోపల ఎక్కడో ఆశపడిందా? ఇన్నేళ్ళుగా ఈ మూడింటి మధ్యా తిరుగుతున్నాను. మొదటి రెండూ అయితే ఆమె మంచితనాన్ని నేను వాడుకున్నాను. మూడోదైతే, ఆమె కూడా కాస్త తప్పు చేసిందని నా బరువులో కొంత ఆమె మీద వెయ్యొచ్చు. ఎక్కువసార్లు మూడోదే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎందుకు చెప్పుకున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పళ్ళెం తడిగా ఉంది. ఒక చీటీ మడత విచ్చుకుంది. నేను చెయ్యి చాపాను. విచ్చుకున్న మడతలో అక్షరం కనిపించింది. ఎ.

చెయ్యి ఆగలేదు. ఆగిందని రాస్తే బాగుంటుంది, చదివేవాళ్ళకి నా మీద కాస్త దయ కలుగుతుంది. కాని ఆగలేదు. నేరుగా వెళ్ళి దాన్నే తీసింది.

కొడుకు చదివి, చప్పట్లు కొట్టి, పటానికి సాష్టాంగపడ్డాడు. కోడలు కళ్ళు తెరిచి, సరేనండి, అంది.

ఆ సాయంత్రం ఇద్దరం మునగాకు దూస్తున్నాం.

"అత్తయ్యగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోరు కదండీ?"

"అడుగు."

"చీటీ తీసేటప్పుడు కళ్ళు మూసుకున్నారా అండి?"

"ఆయ్" అన్నాను.

మా వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెబుతాను. ఆయ్ అంటే అవునండీ అని. పెద్దవాళ్ళతో అంటాం, గౌరవించాల్సినవాళ్ళతో అంటాం. అత్త కోడలితో అనదు. ఊఁ అంటుంది, లేకపోతే ఆఁ అంటుంది. ఆ ఇంట్లో అన్నేళ్ళలో నేను ఆ పిల్లతో ఎప్పుడూ ఆయ్ అనలేదు. ఆ రోజు నోట్లోంచి అదే వచ్చింది. పంతులమ్మ అడిగితే పిల్ల చెప్పినట్టు వచ్చింది.

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. తరువాత మళ్ళీ ఆకు దూసింది.

"అయితే స్వామి ఇష్టమేనండి" అంది.

అంతే. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ అడగకపోవడం నమ్మకమో, మర్యాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎర్ర కారు వచ్చింది. ఆమె తోలింది. ప్రయత్నం చెయ్యలేదని ఎవరూ అనలేరు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి మడమకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకునేది. ఒకరోజు వంతెన దగ్గర ఎదురుగా కాయల లారీ వచ్చింది. వెనక్కి తియ్యాలి. క్లచ్చి మీద కాలు నిలవలేదు, బండి ఆగిపోయింది, మళ్ళీ ఆగిపోయింది. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. గట్టు మీది మగవాళ్ళు పోగయ్యారు. ఎవడో వచ్చి, దిగండి మేడమ్, అని తానే వెనక్కి తీశాడు. ఆ రోజు తాళం తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. మళ్ళీ ఆటోలు, బస్సులు. మళ్ళీ ఆలస్యాలు. వేసవి సెలవుల తరువాత స్కూలుకి వెళ్ళలేదు. వాళ్ళు పొమ్మనలేదు, ఆమే మానేసింది. పొమ్మనేదాకా ఉండే మనిషి కాదు.

నేను వెనక సీటులో కాళ్ళు చాపుకుని చాలా పెళ్ళిళ్ళకి వెళ్ళాను.

మోకాళ్ళ కోసం చేశానా? చాలాకాలం అదే చెప్పుకున్నాను. ముసలిదాని మోకాళ్ళు, పోనీలే అనిపిస్తుంది. కొడుకు కోసం చేశానా? అదీ చెప్పుకున్నాను. తల్లి ప్రేమ అంటే ఎవరూ ఎదురు చెప్పరు. కాని మోకాళ్ళ కోసమైతే నోరు తెరిచి అడిగేదాన్ని, నాకు మొహమాటం లేదు. కొడుకు కోసమైతే నాలుగు మాటలు వాడి తరఫున ఆడేదాన్ని. ఆ పిల్ల తెల్ల కారులో తల ఎత్తుకుని, ఎవరి సాయమూ లేకుండా గేటు దాటి వెళ్ళిపోవడం నాకు కళ్ళ ముందు కనిపించింది. నేను ఒంటరిగా ఒక బస్సు కూడా సరిగ్గా ఎక్కలేకపోయినదాన్ని. అది కనిపించింది కాబట్టి తీశాను. ఇంతకన్నా లోపలికి తవ్వడం నాకు చేతకాదు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో చెబుతాను.

ఎర్ర కారు పాతదైంది, మార్చేస్తున్నారు. రాజోలు వైపు కొత్తగా పెట్టిన స్కూలువాళ్ళు కోడలికి ఫోను చేశారు. లెక్కలకి ఎవరూ దొరకలేదట, రమ్మన్నారు. ఈ వారంలో ఏదో ఒకటి చెప్పాలి. కొడుకు ఇప్పుడు మెత్తబడ్డాడు. వాడే అన్నాడు, "ఈసారి నీకు క్లచ్చి లేనిదే తీసుకుందామే. రోజూ నువ్వే తోలుకెళ్ళు" అని. నేను అక్కడే ఉన్నాను. నేను ఏమీ చెప్పకుండానే తప్పు సర్దుకుపోతుందనుకున్నాను.

"వద్దండి" అంది కోడలు. "నేను స్కూలుకి తోలుకుని వెళ్ళడం స్వామికి ఇష్టం లేదు. తెల్లది వద్దని అప్పుడే చెప్పేరు కదండీ. వినకుండా తోలితేనే వంతెన దగ్గర అలా అయ్యింది. మళ్ళీ ఆయనకి ఎదురెళ్ళడం నా వల్ల కాదండి."

కొడుకు నచ్చజెప్పాడు. వినలేదు. మొక్కు తీరిన రోజున వచ్చిన మాట అది, కాదంటే కళ్ళు పోతాయంది. రేపో ఎల్లుండో స్కూలువాళ్ళకి రానని చెప్పేస్తుంది.

కారు ఒక్కటే అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ. ఒక కారు పోయింది, ఒక ఉద్యోగం పోయింది, అంతే అనుకున్నాను. ఆమె దేవుణ్ణి కూడా ఆమెకి అడ్డం పెట్టేశానని తెలియలేదు. నా చేతిని ఆయన చెయ్యి అనుకుని, ఇన్నేళ్ళుగా దానికి దణ్ణం పెడుతోంది.

నోటితో చెప్పబోయాను. నిన్న చెప్పబోయాను, ఇవాళ పొద్దున్న చెప్పబోయాను. నోరు తెరిస్తే అన్నం వండావా, పాలవాడు వచ్చాడా అని వస్తోంది. రాయడం కుదిరింది. తప్పులున్నాయేమో, ఉండనివ్వండి. మొదట మీకు చెప్పుకున్నాను. ఇక ఈ కాగితాలు ఆమెకే ఇస్తాను, ఆమె ఫోను చెయ్యకముందే. చదివాక స్కూలుకి వెళుతుందో, నాతో మాట్లాడటమే మానేస్తుందో ఆమె ఇష్టం. క్షమించమని అడగను. అడిగితే ఆ పిల్ల సరేనండి అంటుంది. ఆ సరేనండి నాకు వద్దు.

అమ్మా, నేను కళ్ళు మూసుకోలేదు. స్వామి వద్దనలేదు. నేను వద్దన్నాను.

రాశాను. అక్షరాలు వంకర తిరిగాయి కాని, రాశాను.