మ్యాచ్‌కి వెళ్ళినవాళ్ళ వెనకే ఊడ్చకూడదు

రేపు దుబాయ్‌లో మేముండే ఒమాన్ జట్టు రగ్బీ మ్యాచ్. దారిలో తినడానికి మా చిన్నోడు వేరుశెనగలు వేయిస్తుంటే ఆ వాసనకి పుట్టిల్లు గుర్తొచ్చింది. నాన్న కబడ్డీ పోటీలు చూడ్డానికి లారీ ఎక్కితే, ఆ పూటంతా అమ్మ చీపురు ముట్టేది కాదు. "వెనకే ఊడిస్తే మనిషి తిరిగిరాడే" అనేది. మీ ఇళ్ళల్లోనూ ఇంతేగా? నాన్న దారికని వేయించిన వేరుశెనగల పొట్టు గుమ్మంలో మా కాళ్ళకింద కరకరలాడేది.

నిరుడు మా పెద్దోడు ఇలాగే మ్యాచ్‌కని కారెక్కాడు. డ్యూటీకి టైమైపోతోందని వెంటనే ఇల్లు ఊడ్చేశాను. వాడు బోర్డర్ దాటకుండానే రోడ్డుమీద యాక్సిడెంట్లో పోయాడు.

"ఏడవకమ్మా, గెలిచొస్తాం" అన్నాడు చిన్నోడు, వేరుశెనగలు కలుపుతూనే.

"ఆడేది నువ్వేంట్రా?" అన్నాను. నవ్వాడు.

వెళ్ళొద్దని నోటిదాకా వచ్చింది. ప్రయాణమయ్యేవాణ్ణి ఆపకూడదంటారు కదా, మింగేశాను. చిన్నోడు వాళ్ళన్న జెర్సీ తొడుక్కుని చూపించాడు. నిరుడు వీడికి వదులుగా ఉండేది. ఇప్పుడు సరిగ్గా సరిపోయింది.