ఎర్రదారం కట్టిన దుంపలు

నాందేడ్‌లో మా దుకాణం నిండా అడవి సంచుల్లో ఉండేది. కరక్కాయ ఒక సంచి, తానికాయ ఒక సంచి, తిప్పతీగ, సఫేద్ ముస్లి దుంపలు, మరాఠీలో తప్ప తెలుగులో పేరు తెలియని వేళ్ళు, బెరళ్ళు. చుట్టుపక్కల వైద్యులంతా మా బాపు దగ్గరే కొనేవారు. చిన్నప్పుడు ఆ సంచుల మీద కూర్చునే పలక పట్టాను. అలాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల వృక్షశాస్త్రం చదివి, అడవిలో మొక్కలు లెక్కపెట్టే పనికి కుదిరితే బాపుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“కొనెటందుకు గాదు, అమ్మెటందుకు గాదు. మరెందుకే లెక్క?” అనేవాడు. అంటూనే, కిన్వట్ రైలు ఎక్కించడానికి నా పెట్టె తీసుకుని నాకంటే ముందు గడప దాటేవాడు.

పందొమ్మిది వందల డెబ్బైల నాటి మాట. టేకు అడవి నరికి మళ్ళీ టేకే నాటిన చోట, నేల మీది చిన్న మొక్కలు తిరిగి వస్తాయా రావా అన్నది నన్ను పనిలో పెట్టుకున్న కాలేజీ సారు తేల్చాలనుకున్న విషయం. నాలుగు మేకులు కొట్టి, చుట్టూ తాడు కట్టి, ఆ లోపల ఉన్న ప్రతి మొక్కనూ పుస్తకంలో రాయడం నా పని. కొత్తగా నాటిన తోటల్లో పని తొందరగా అయిపోయేది. ఎండిన టేకాకు తప్ప రాయడానికి ఏముంది గనక! పోల్చి చూడటానికి గొడ్డలి పడని పాత అడవి ఒక ముక్క కావాలన్నాడు సారు. దాన్ని నాకు చూపించింది సర్ఖని దగ్గర ఒక గూడెంలో ఉండే గోండు అవ్వ.

వాగు దాటాక ఒక ఏటవాలు. వానలు బాగా పట్టిన రోజులు. ఆ వాలు పొడుగునా ముస్లి మొక్కలు, తెల్లటి పూలతో, కాలు పెట్టడానికి చోటు లేకుండా ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎండిన ముస్లి దుంపను చూస్తున్నదాన్నే, దానికి పువ్వుంటుందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ పూట చాలా సిగ్గేసింది.

ఆ దుంపలు అమ్మితేనే అవ్వకు చలికాలపు జొన్నలు. ఆమె తవ్వే తీరు వేరు. గింజ రాలాలి, ఆకు పండి నేల మీద పడిపోవాలి, అప్పుడే గడ్డపార పట్టేది. పెద్ద దుంపలు విరిచి, మొక్క తలను ఒకట్రెండు వేళ్ళతో సహా అదే గుంతలో పెట్టి మన్ను కప్పేది. తల పోతే ముస్లి మొలవదు. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆ మొదటి రోజు లేత ముస్లి ఆకు కోసుకొచ్చి, ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయలు వేసి వండింది. జొన్నరొట్టె మీద పెట్టి నా చేతికిచ్చింది. “తినే, సదువుకున్నదానా! మీ బాపు దుంపలమ్ముతడు. ఆకు రుచి ఆయనకేం ఎరుక?” అని పకపకా నవ్వింది. నేను తింటుంటే నవ్వు ఆపి, “ఈ జాగ ఎవ్వలకు చెప్పకు బిడ్డా. నీ పుస్తకంల రాసుకో, నోట్లకెల్లి మాత్రం రానియ్యకు,” అంది. చెప్పనవ్వా, ఒట్టు అన్నాను. నెత్తి మీద చెయ్యి కూడా పెట్టుకున్నాను.

ఏటేటా అవే మొక్కలను చూడాలి కాబట్టి గుర్తుకని ఒక్కోదాని మొదట్లో ఎర్రదారం కట్టాను. మా అమ్మ కుట్టుపెట్టెలో నుంచి తెచ్చిన రీలు. అవ్వ గట్టు మీద కూర్చుని, “మొక్కలకు లగ్గం జేస్తున్నవా ఏంది?” అని ఏడిపించేది.

ఆ మరుసటి ఏడు వానల్లో, ఎడ్ల పండుగ పోళాకు ఇంటికి వెళ్ళాను. పోళెలు తింటూ బాపు మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు. “నా బిడ్డ గడ్డి లెక్కవెడ్తున్నదని బజార్ల చెప్పుకోవాల్నా? నీకంటె నా హమాలీకి అడివి ఎక్కువ ఎరుక.” నా తిక్క సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒళ్ళు మండిపోయింది. నీ దుకాణం ఎన్నడూ చూడనంత ముస్లి ఉన్న చోటు నాకు తెలుసు అన్నాను. అక్కడితో ఆగానా? సర్ఖనికి ఇవతల ఎక్కడ దిగాలో, వాగు ఎక్కడ దాటాలో, చారు నీళ్ళతో కంచం పక్కన నేల మీద గీసి మరీ చూపించాను. మొక్కమొక్కకూ నేను కట్టిన ఎర్రదారం ఉంటుంది, పోయి చూసుకో అన్నాను. బాపు తినడం ఆపి ఆ గీతల వంకే చూస్తుంటే, గెలిచానని మురిసిపోయాను. జీవితంలో మొదటిసారి ఆయన నా పనిని శ్రద్ధగా విన్నాడు.

పదిహేను రోజుల తర్వాత, నేనింకా ఇంట్లోనే ఉండగా, దుకాణం ముందు తడిసిన గోనెలు దించారు. బాపు ఒక దుంప విరిచి చూసి, “కచ్చ మాల్. ఇంక నెల ఆగితె ఏం పోతుండె వీళ్ళకు,” అని కిన్వట్ దలాలును తిడుతున్నాడు. నేను ఊరికే ఒక సంచిలో చెయ్యి పెట్టాను. బురద, పచ్చి దుంపలు, ఇంకా పచ్చగా ఉన్న ఆకు మొదళ్ళు. ఆ మొదళ్ళకు ఎర్రదారం. రెండు ముళ్ళు, నేను వేసినవే.

నడిబజారులో, గిరాకీల ముందు, “ఏం పని చేసినవు బాపూ!” అని అరిచాను. ఆయన బిత్తరపోయాడు. “నువ్వే చెప్తివి గద బిడ్డా! నా బిడ్డ సదువు గిట్లన్న పనికొచ్చెనని సంబురపడ్డ,” అన్నాడు. నిజంగానే సంబరపడ్డాడు, అది ఆయన మొహంలో కనపడుతోంది. ఆ మొహం చూశాక తిట్టడానికి నాకు నోరు రాలేదు. అవ్వ గురించి చెప్పి ఏడ్చాను. బాపు లేచి, ఆ సంచులన్నీ గుమ్మరించి, తల చెడకుండా ఉన్న మొక్కలను నాతో కూర్చుని ఏరాడు. తడిగుడ్డలో కట్టి ఇచ్చాడు. వాటితోపాటు ఒక సంచి జొన్నలు. ఆ జొన్నలు చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

వాటితో తిరిగి వెళ్ళేసరికి ఏటవాలు అంతా గుంతలు. చుట్టుపక్కలవాళ్ళు పందులు తవ్విపోయాయని అనుకున్నారట. అవ్వ అలా అనుకోలేదు. గుంతల పక్కన తెగిపడ్డ ఎర్రదారాలు ఆమె కూడా చూసింది.

నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “ఎవ్వలకు చెప్పినవు?” అని మాత్రం అడిగింది. మా బాపుకు అన్నాను. అవ్వ తలాడించి గడ్డపార తెచ్చింది. ఇద్దరం వంగి ఒక్కో మొక్కనూ గుంతలో పెట్టాం. పెట్టే ముందు ప్రతిదాని దారాన్నీ గోటితో విప్పి, చివరికి అన్నీ కలిపి నా చేతిలో పెట్టింది. “దుంప పెరగనే లేదు. వీట్ల ఎన్ని బతుకుతయో,” అంది. జొన్నలు మాత్రం తీసుకుంది. లగ్గం మాట ఎత్తి ఏడిపిస్తుందేమోనని బస్సు వచ్చేదాకా చూశాను.

చలికాలంలో వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. మరుసటి తొలకరికి ధైర్యం చేసి వెళ్ళాను. అవ్వ గుడిసె ముందు కూర్చుని చాటలో ఆకు తుంచుతోంది. నన్ను చూడగానే చాట మీద కొంగు కప్పింది. నేను అప్పటికే చూశాను. సన్నగా, పొడుగ్గా, లేత పచ్చగా, పిడికెడు ఆకు. లోకంలో ఇంకేది మరిచినా ఆ ఆకును మరవను.

“ఏమన్న మొలిచినయా అవ్వా?” అని అడిగాను.

“ఏడియి బిడ్డా? అటు దిక్కు ఏం లేదు. పోకు,” అంది నా కళ్ళలోకి చూస్తూ.

బతికాయి! నాకు కేక వెయ్యాలనిపించింది. సరే అవ్వా అన్నాను. వాగు దాటలేదు. అక్కడే కూర్చుని, పుస్తకంలో ముస్లి ఎదురుగా సున్నా రాశాను. తప్పుడు లెక్క. సారు దాన్ని నమ్మాడు, ఇప్పటిదాకా ఎవరూ దిద్దలేదు.

అవ్వ మంచినీళ్ళిచ్చింది. బాపు బాగున్నాడా అని అడిగింది. చాట తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి ఉల్లిగడ్డ వేగుతున్న వాసన వచ్చింది. బస్సుకు ఇంకా చాలా టైముంది. ఆకలేస్తోంది కూడా. పిలుస్తుందేమోనని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. బస్సు వేళయ్యేదాకా కూర్చున్నాను. తినమని అవ్వ అనలేదు.