పెద్ద మేడం గురువారాలు

మా పెద్ద మేడం పోయారని సోమవారం పొద్దున ప్రార్థన గంట కొట్టకముందే తెలిసింది. ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నివాళి రాసేవాడు ఒప్పుకోకూడని మాటే, అయినా ఒప్పుకుంటున్నాను.

తొంభైల నడుమ ఆమె శామీర్‌పేట దగ్గరి మా ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చారు. నేను అక్కడ సైన్సు చెప్పేవాణ్ణి. ఏడున్నరకే వచ్చి గేటు తాళం తానే తీసేవారు. లెక్కల సారు లేని ఏడాది పదో తరగతికి లెక్కలు కూడా ఆమే చెప్పారు. గురువారం మాత్రం బడి వదలగానే బస్సెక్కి మేడ్చల్ పోయేవారు, ఒక ముసలాయన దగ్గర హార్మోనియం నేర్చుకోవడానికి. నాలుగేళ్లయినా సరిగ్గా వాయించడం రాలేదు.

"ఎందుకు మేడం ఈ కష్టం?" అని ఒకసారి అడిగాను.

"పొద్దంతా అన్నీ వచ్చినోళ్ల లెక్క నిలబడతం సారూ. వారంల ఒక్క గంటన్న ఏం రానోళ్ల లెక్క కూసోవాలె. లేకుంటే పిల్లల బాధ మర్చిపోతం."

శుక్రవారం ఆమె ముఖం చూస్తే మాకే పని చేయబుద్ధయ్యేది.

అప్పటి బడి కమిటీ చైర్మన్ భూముల వ్యాపారి. తన ప్లాట్లకు మా ఆటస్థలం మీదుగా రోడ్డు కావాలన్నాడు. "పిల్లలు ఆడుకునే జాగల నుంచి తొవ్వ ఇయ్యను" అన్నారు మేడం. నెల తిరగకముందే పైకి అర్జీ వెళ్లింది: 'హెడ్‌మేడం పని వదిలి పాటలకు తిరుగుతున్నది.' విచారణకు వచ్చిన అధికారి ఆమె చేతికిచ్చిన నకలును ఆమె చెత్తబుట్టలో పడేశారు. నేను తీసి దాచుకున్నాను. ఆమెను జిల్లా చివరికి బదిలీ చేశారు.

రెండేళ్లకు చూడబోతే ఆమె ఇంట్లో హార్మోనియం మీద హాజరు పట్టీలు పేర్చి ఉన్నాయి. "ఇగ మళ్ల ఎవలతోని మాటపడాలె సారూ?" అన్నారు. పొద్దూ మాపూ బడిలోనే ఉంటున్నారట. మనిషి సగమయ్యారు. పదవీ విరమణ దాకా అంతే. ఆ ఒక్క గంట లాక్కున్నవాణ్ణి నేను క్షమించలేదు.

సంతాప సభ మా బడిలోనే పెట్టాం. ఇప్పుడు అక్కడ ప్రధానోపాధ్యాయుణ్ణి నేనే. ఆనాటి చైర్మన్ పెద్ద పూలదండతో వచ్చి మైకు అందుకున్నాడు. "మేడం మాకు దేవత అసొంటిది" అన్నాడు. ఆయన కూర్చున్నాక నేను లేచి, ఆ అర్జీని కింద ఉన్న ఆయన పేరుతో, సంతకంతో సహా చదివాను.

"గా పాత ముచ్చట ఇప్పుడెందుకు సారూ?" అన్నాడు.

"ఆమె ఎనుక రాసినవ్. ఆమె ఫొటో ముంగట విను," అన్నాను. అంతకుముందు ఎన్నడూ ఆయన్ను నువ్వు అనలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ నన్ను ఆపనూ లేదు. నాకు తప్పు చేశాననిపించలేదు. ఆమె ఉంటే మందలించేవారు. మందలించనీ.

ఆయన లేచి వెళ్లి కారెక్కేసరికి బడి వదిలారు. వందల మంది ఆడపిల్లలు, మగపిల్లలు గేటులోంచి ఒక్కసారిగా బయటికొచ్చారు. తెల్లకారు కదల్లేకపోయింది. ఎత్తిన అద్దం వెనక ఆయన ముందుకే చూస్తూ కూర్చున్నాడు. పిల్లలు నవ్వుకుంటూ, సంచులు ఊపుకుంటూ కారుకు ఇరుపక్కల నుంచీ సాగిపోతూనే ఉన్నారు. ఒక్కరూ లోపలికి తొంగి చూడలేదు.