నాలుగో గడిలో నేను రాసిన మాట

ఇరవై ఏళ్లుగా నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఆర్థికశాస్త్రం చెబుతున్నాను. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు నా దగ్గరికి వస్తారు. వాళ్లలో సగానికి పైగా నల్గొండ వైపు పల్లెల వాళ్లే. వ్యవసాయం పాఠం ఉన్న రోజు బెంచీల మీద చోటు దొరకదు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఆ పాఠం నేను బాగా చెబుతాను. బోర్డు మీద రెండు గుండ్రాలు గీస్తాను. ఒకటి దేశంలో పనిచేసే జనం, రెండోది దేశానికి వచ్చే ఆదాయం. మొదటిదాంట్లో వ్యవసాయానికి పెద్ద ముక్క గీస్తాను, రెండోదాంట్లో చిన్న ముక్క. అప్పుడు సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ఈ పెద్ద ముక్కలోంచి జనాన్ని బయటికి తీసుకురావడాన్నే అభివృద్ధి అంటారు" అంటాను. పిల్లలు గబగబా రాసుకుంటారు.

వాళ్ల అమ్మానాన్నలు చాలామంది ఆ పెద్ద ముక్కలోనే ఉన్నారన్న సంగతి నాకు తట్టకపోలేదు. తట్టింది. కాకపోతే పరీక్షలో ఆ ప్రశ్న రాదు.

మాది గుంటూరు వైపు. ఇక్కడికి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడ్డాం. పొద్దుటి బ్యాచ్ అయిపోయాక రైతు బజారు దగ్గర స్కూటర్ ఆపి, కూరలు తీసుకుని ఇంటికి వెళ్లడం నా అలవాటు. మా ఆవిడ నన్ను వంకాయలకు పంపదు. పుచ్చు కనిపెట్టడం నాకు రాదంటుంది. బెండకాయలకు మాత్రం ధైర్యంగా పంపుతుంది, ఎందుకంటే వాటిని నేను ఒక్కరి దగ్గరే కొంటాను.

ఆ బెండకాయలమ్మే ఆవిడది అబ్దుల్లాపూర్‌మెట్ దాటి లోపలికి వెళ్లే ఊరు. ఎకరన్నర చేను. నీళ్లు, మోటారు భర్త చూసుకుంటాడు. కోత, అమ్మకం ఈవిడవి. నా వయసే ఉంటుంది. చీర మీద మగవాళ్ల నిండు చేతుల చొక్కా తొడుక్కుని, మెడలో బజారు కార్డు వేసుకుని, బెండకాయల గుట్ట వెనక కూర్చుంటుంది. ఎండలు మండిపోయే మే నెలలో కూడా ఆ చొక్కా తీయదు. చలి మనిషి కాబోలు అనుకునేవాణ్ని. ఇన్నేళ్లలో ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు.

ఆవిడ నన్ను "నువ్వు" అనే అంటుంది. మొదట్లో నా గుంటూరు చెవులకు అది కాస్త కటువుగా తగిలేది. ఇప్పుడు అలవాటైపోయింది, ఇష్టం కూడా. "పైన పైన ఏరుకుంటే ఎట్ల సారూ, తోక ఇరిచి చూడు. టక్కున ఇరగాలె" అని నాకు బెండకాయ చూడటం నేర్పింది ఆవిడే. పక్క దుకాణాల్లో తోక విరిస్తే కసురుకుంటారు. ఈవిడ విరవకపోతే కసురుకుంటుంది.

కిందటి వానాకాలంలో బజారులో కార్డులన్నీ మార్చి కొత్తవి ఇస్తామన్నారు. అందరూ దరఖాస్తు నింపి ఇవ్వాలి. ఆవిడ ఆ కాగితాన్ని మడత నలగకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచి, నేను రాగానే చేతికిచ్చింది.

"నువ్వు పెద్ద సదువుల సారువి. గిది జర నింపియ్యి. కార్డు ఉంటెనే లోపట జాగ. అది పోయిందంటే కాయంత టోకు బేరగాళ్లకు పొయ్యాలె, ఆళ్లు చెప్పిందే రేటు."

కాగితాన్ని స్కూటర్ సీటు మీద పెట్టి రాయడం మొదలుపెట్టాను. పేరు, ఊరు, భూమి. నాలుగో గడిలో 'ప్రధాన వృత్తి' అని ఉంది. ఇంకెవరైనా అయితే వ్యవసాయం అని రాసి కిందికి పోయేవారు. నాకు చదువు అడ్డమొచ్చింది. మనిషి ఎక్కువ సమయం ఏ పనిలో గడిపితే అదే ప్రధాన వృత్తి అని ఇరవై ఏళ్లుగా చెబుతున్నవాణ్ని, చూస్తూ చూస్తూ ఉజ్జాయింపుగా ఎలా రాస్తాను?

"రోజులో ఎక్కువసేపు ఏ పనిలో ఉంటారమ్మా?" అని అడిగాను.

"ఈడనే గద సారూ. పొద్దుగాల ఆరింటికి ఆటో దిగుత, మద్దినాల ఒంటిగంట దాక ఈడనే."

"మరి చేలో?"

"చేను పనికి గంటలేంది సారూ. ఉన్నప్పుడల్ల ఉంటది."

ఉన్నప్పుడల్లా ఉండేదాన్ని గడిలో ఎలా పెట్టడం? ఏడు గంటలు అన్న మాట మాత్రం చేతికి దొరికింది. నా గుండ్రటి దస్తూరీతో నాలుగో గడిలో 'కూరగాయల చిల్లర వర్తకం' అని రాశాను. అయిదో గడిలో ఉప వృత్తి దగ్గర 'వ్యవసాయం' అని రాశాను. రాసి, ఒకసారి దూరంగా పెట్టి చూసుకుని మురిసిపోయాను. ఆవిడ నమ్మకంగా సంతకం పెట్టి, రెండు గుప్పిళ్ల కాయలు నా సంచిలో ఊరికే వేసింది. ఆ సాయంత్రం మేము వాటిని వేపుడు చేసుకుని తిన్నాం కూడా.

పది పన్నెండు రోజులు నేను బజారు వైపు వెళ్లలేదు. పరీక్షలు దగ్గరపడి అదనపు క్లాసులు పెట్టారు. వెళ్లేసరికి ఆవిడ చోట్లో ఎవరో కాకరకాయలు పోసుకుని కూర్చున్నారు. అడిగితే గేటు బయట చూడమన్నారు. ఫుట్‌పాత్ మీద గోనెసంచి పరిచి, నాలుగు కిలోలు కూడా లేని కాయ ముందు పెట్టుకుని కూర్చుంది. మెడలో కార్డు లేదు.

"కార్డు ఇయ్యలే సారూ. యాపారమోళ్లకు లోపట జాగ లేదు, రైతులకే అన్నరు. నేనెప్పుడు యాపారం చేసిన? ఆఫీసరు సారు ఎవర్ని చూసి ఎవరనుకుండో ఏమో."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరూ ఎవర్నీ పొరబడలేదు. ఆవిడ వ్యాపారి అని గుండ్రటి దస్తూరీతో రాసిచ్చింది నేనే. ఆ మాట అక్కడే చెప్పేయాల్సింది. "నేను వెళ్లి మాట్లాడతానుండండి" అని గొణిగి లోపలికి నడిచాను.

ఆఫీసరు గదిలోకి అడుగు పెట్టగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. ఒకప్పుడు నా బ్యాచ్‌లో చదివాడట.

"మీ దస్తూరీ చూడంగనే అనుకున్న సార్, మీరే రాసిండ్రని" అంటూ ఆ దరఖాస్తు బయటికి తీశాడు. "ఎక్కువ సమయం గడిపే పనే ప్రధాన వృత్తి అని మీరే చెప్పిండ్రు గద. నాకు ఇప్పటికీ యాదుంది. గీ కాగితం చూస్తే ఆమె వర్తకురాలు. నేనేం జెయ్యాలె?"

నా పాఠం నాకే అప్పజెప్పాడు. తప్పు నాదని, ఆవిడ రైతేనని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, కాగితం మీద రాసినదాన్ని నోటిమాటతో మార్చడం కుదరదని, గురువారం చేను దగ్గరికి వచ్చి చూసి రాసుకుంటానని, అప్పుడు ఏది తేలితే అదే ఖాయమని అన్నాడు. మర్యాదగానే అన్నాడు. న్యాయంగానూ ఉంది.

బయటికి వచ్చి ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నీ తప్పేముంది సారూ, నేను చెప్పిందే రాసినవ్" అంది.

గురువారం మధ్యాహ్నం ఎల్‌బీ నగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టుకున్నాను. సినిమా స్టూడియో చూడటానికి పోయే టూరిస్టు బస్సులు నన్ను దాటుకుంటూ వెళ్లాయి. రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల జెండాలు, హద్దురాళ్లు. మలుపు తిరిగి లోపలికి రెండు కిలోమీటర్లు వెళితే, అటూ ఇటూ రాళ్లు పాతిన వెంచర్ల మధ్య ఆకుపచ్చగా ఆ ఎకరన్నర కనిపించింది. ఆవిడ వంగి బెండకాయలు కోస్తోంది. అదే చొక్కా. గట్టు పక్కన అప్పటికే ఒక గుట్ట కాయ పడి ఉంది. దాని ముందు నిలబడ్డ బర్రె నాలుగు కాయలు నమిలి మొహం పక్కకు తిప్పుకుంది.

"అమ్ముకోవడానికి చోటే లేదుగా, ఎందుకు కోస్తున్నారమ్మా?" అన్నాను.

"కొయ్యకుంటె చెట్టు మొండికేస్తది సారూ. కాయ ముదిరితే పూత ఆగుతది. అమ్ముడుపోయినా పోకున్నా రోజు ఇడిసి రోజు కొయ్యాల్సిందే. మల్ల కార్డు ఒచ్చేసరికి చెట్టు కాయకపోతే ఏం జేస్త?"

ఆఫీసరు ఇంకా రాలేదు. ఊరికే నిలబడటానికి మనసొప్పక నేనూ ఒక సాలులోకి దిగాను. పొట్టి చేతుల చొక్కాతో దిగాను. సాలు సగం కాకముందే మోచేతుల దాకా దురద మొదలైంది. కంటికి కనిపించని నూగు అది. గోక్కుంటే మంట, గోక్కోకపోతే ఇంకా మంట. ఆవిడ నా అవస్థ చూసి చేత్తో నోరు మూసుకుని నవ్వింది.

"గందుకే గద ఈ అంగి" అంది.

చలి మనిషి అనుకున్నాను కదా, నా తెలివి అంతవరకే. నడుం ఎత్తి చూస్తే నేను కోసింది అర బుట్ట. ఆ పూటకు ఇంకా పదకొండు సాళ్లున్నాయి.

ఆఫీసరు వచ్చాడు. చేనంతా తిరిగాడు, పాసుబుక్ చూశాడు, గట్టు మీద కూర్చుని కాగితం తీశాడు.

"అమ్మా, చేన్ల రోజుకు ఎన్ని గంటలు పంజేస్తవ్?"

"గంటలేంది సారూ, ఉన్నప్పుడల్ల ఉంటది."

"బజార్ల?"

"ఏడు గంటలు."

మళ్లీ అదే జవాబు, అదే లెక్క. ఆఫీసరు కలం పట్టుకుని నా వైపు చూశాడు. ఆయనకూ రాయాలని లేదు, కానీ చెవిన పడ్డది అదే. అప్పుడు, దురద పుట్టిన చేతులు గోక్కుంటూనే నేను వేరేలా అడిగాను.

"బజారులో ఆ ఏడు గంటలూ ఏం పని చేస్తారమ్మా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది ఆవిడ.

"ఆడ పనేముంటది సారూ? కూసునుడే గద. పొద్దుగూకులు వంగిన నడుం ఆడ కూసుంటెనే జర నిమ్మలమైతది. అది పనా? అది నా రెస్టు."

ఆఫీసరు నాలుగో గడిలో నేను రాసిన మాటను ఒక గీతతో కొట్టేసి, పైన 'వ్యవసాయం' అని రాసి, సంతకం పెట్టాడు. లేస్తూ, "గిది మాకు క్లాసుల చెప్పలే సార్ మీరు" అన్నాడు.

"నాకూ ఇప్పుడే తెలిసింది నాయనా" అన్నాను.

తిరిగి వస్తుంటే నా రెండు గుండ్రాలు గుర్తొచ్చాయి. ఆవిడ కూర్చున్న గంటలను నేను వృత్తిగా లెక్కపెట్టాను, వంగిన గంటలను లెక్కకు అందడం లేదని వదిలేశాను. ఆదాయం గుండ్రంలో వ్యవసాయం ముక్క అంత చిన్నగా ఉందంటే, అందులో నాలాంటి వాళ్ల చేతివాటం ఎంతుందో అనిపించింది. పైగా నేను సేవారంగం మనిషినని కాలరెగరేస్తాను. నా క్లాసులో కూర్చునే పిల్లల ఫీజు ఇలాంటి చేలల్లోంచే వస్తుంది. చెట్టు మొండికేయకుండా ఎవరో రోజు విడిచి రోజు కోస్తుంటేనే నా జీతం. పాఠం మార్చానా అంటే, మార్చలేదు. పరీక్షకు పుస్తకంలో ఉన్నదే రాయాలి. కాకపోతే ఆ రెండు గుండ్రాలు గీశాక, పిల్లల్ని ఇంటికి ఫోన్ చేసి అమ్మ నిన్న చేలో ఎన్ని గంటలు పనిచేసిందో అడిగి రమ్మంటున్నాను. ఇంతవరకు ఒక్కరూ సరైన అంకె తేలేదు. నాకు అది చాలా సంతోషంగా ఉంది.

తర్వాతి వారం కార్డు వచ్చింది. ఆవిడ మళ్లీ తన చోట్లో, తన గుట్ట వెనక కూర్చుంది. చెట్లు మొండికేయలేదు, కాయ లేతగా, నిగనిగలాడుతూ ఉంది. నేను వెళ్లగానే ప్లాస్టిక్ ట్రే ఒకటి బోర్లించి పక్కకు జరిగింది.

"జర కూసో సారూ. పొద్దుగాల నుంచి నిలబడి సదువు చెప్పొస్తవ్. ఇన్నేండ్లాయె, ఎన్నడన్న కూసున్నవా?"

కూర్చున్నాను. నిజమే, కాళ్లు ఎంత లాగుతున్నాయో కూర్చున్నాకే తెలిసింది. వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చున్నాం. ఇంతలో ఒకావిడ ఆగి, నన్ను అమ్మేవాడిననుకుని, "కాయలు లేతవేనా అండీ?" అని అడిగింది.

"తోక విరిచి చూడండి" అన్నాను.

ఆ వచ్చినావిడకు నా మాట మీద గురి కుదిరినట్టు లేదు. నా కళ్లద్దాలనూ, జేబులోని పెన్నులనూ చూసి, "ఈయనకేం తెలుసు?" అన్నట్టు పక్కకు చూసింది.

"సారుకు ఎరుకే" అంది మా బెండకాయల ఆవిడ, తక్కెడ ఎత్తుతూ. "కోసిండు గద."