చర్చి హాలు వదిలి పూడిమడక ఒడ్డుకు నడిచిన మా వైద్యశిబిరం

పల్లెల్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం చూసే పని మా చిన్న సంస్థ 2006లో మొదలుపెట్టింది. అరవై దాటినవాళ్ళకి నెలనెలా బీపీ, షుగరు చూడాలి, కదల్లేనివాళ్ళని ఇంటికెళ్ళి పలకరించాలి, అవసరమైతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పథకమంతా నేనే రాశాను. మొదటి ఊరు పూడిమడక. ఆ ఉదయం కాఫీ కూడా మరిచిపోయి బయల్దేరానంటే నా హుషారు ఊహించుకోండి.

అనకాపల్లి బస్టాండులో ఏడింటికి నేనూ, నర్సు మేరీ గారూ బస్సెక్కాం. టికెట్టు పదమూడు రూపాయలు, అచ్యుతాపురం మీదుగా గంటంపావు ప్రయాణం. మా పెట్టెలు చూసి కండక్టరు "ఏటి బాబూ, పెళ్ళికేటి?" అన్నాడు. "ముసలివాళ్ళకి పరీక్షలు చెయ్యడానికి" అంటే డ్రైవరు వెనకే సీటు చూపించాడు. అచ్యుతాపురం దాటాక ఉప్పుగాలి మొహానికి తగిలింది.

పూడిమడకలో శిబిరానికి ఇచ్చిన చర్చి హాల్లో కుర్చీలు వేసుకుని తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. ఒక్కరూ రాలేదు. నాకు నీరసం వచ్చేసింది. దారినపోయే ఒకతన్ని అడిగితే "పడవలొచ్చే యేల ఎవులొత్తారు బాబూ? ముసిలోళ్ళంతా ఒడ్డునే ఉంటారు" అన్నాడు. మేరీ గారు బీపీ మిషను చంకన పెట్టుకుని అటే నడిచారు.

ఒడ్డున నెత్తళ్ళనే చిన్నచేపలు ఆరబెడుతున్న పోలమ్మ గారికి డెబ్బై ఉంటాయి. "నాకేటీ రోగం లేదు. ముందు మా బావని సూడండి, రెండేళ్ళయి గడప దాటలేదు" అంటూ చెయ్యి కడుక్కుని మమ్మల్ని తీసుకెళ్ళారు. ఆవిడకి వరసకు బావయ్యే ఎర్రయ్య గారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఒకప్పుడు పడవ నడిపిన మనిషి. చూపు మసకబారాక బయటికి రావడమే మానేశారట. మేరీ గారు టార్చి వేసి చూశారు. రెండు కళ్ళలోనూ తెల్లటి పొర.

"శుక్లాలు తాతా. ఆపరేషను చేస్తే చూపు రావచ్చు."

"కళ్ళు కోత్తే ఉన్నదీ పోద్దమ్మా" అన్నారాయన.

పోలమ్మ గారు మంచం పట్టె మీద కూర్చున్నారు. "నాకు కళ్ళు కోసినప్పుడు నా కూడా ఎవులూ లేరు బావా. శానా బయమేసింది. నీ కూడా నేనుంటాను."

ఆయన మెల్లిగా లేచి కూర్చున్నారు. తర్వాత "బస్సెన్నింటికి?" అని అడిగారు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పోలమ్మ గారు ఒడ్డుకెళ్ళి ఒక్క కేక పెడితే, మధ్యాహ్నానికల్లా ముసలివాళ్ళంతా మేరీ గారి ముందు వరస కట్టారు. మూడింటి బస్సులో ఆ ఇద్దరితో కలిసి మేం నలుగురం అనకాపల్లి తిరిగొచ్చాం. ఆ వారమే ఎర్రయ్య గారికి ఒక కంటికి ఆపరేషను అయింది. కట్టు విప్పిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన ముందుగా చూసింది పోలమ్మ గారి మొహం.

"ముసిలైపోనావేటే" అన్నారు. ఆవిడ నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

నా పథకంలో మందులకీ, పరీక్షలకీ చోటుంది గానీ, పక్కన కూర్చునే మనిషికి లేదు. మరుసటి నెల నుంచి ఆసుపత్రికి వెళ్ళే ప్రతి పెద్దమనిషికీ, ఆ వైద్యం చేయించుకున్న ఊరివాళ్ళనే ఒకరిని తోడు పంపడం మొదలుపెట్టాం. మీరూ ఇలాంటి పని మీద సముద్రపు ఊళ్ళకి వెళ్తుంటే, శిబిరం వేళ పెట్టే ముందు అక్కడి పెద్దావిడల్ని అడగండి. పూడిమడకలో అయితే చేపల పని తెమిలాక, మధ్యాహ్నం పెట్టుకోవడమే మంచిది.