మా ఇప్పచెట్టు కింది నిప్పు

ఎనభైల మొదట్లో ఏటూరునాగారం అడవి అంచున ఉన్న పల్లెకు కొత్త కోడలిగా వెళ్లాను. హనుమకొండలో పెరిగినదాన్ని, అడవి గురించి నాకు తెలిసింది సున్నా. తెలియదని ఒప్పుకోవడం మాత్రం నా ఒంట్లోనే లేదు.

అక్కడ ఒక్కో ఇప్పచెట్టు ఒక్కో ఇంటిది. ఎండాకాలం పువ్వు రాలేముందు చెట్టు కింద ఎండుటాకులు కాల్చేస్తారు. నేల శుభ్రంగా ఉంటే పువ్వు ఏరడం సులువు. మంట పూర్తిగా ఆరేదాకా పచ్చికొమ్మతో కొడుతూ పక్కనే ఉండాలి. ఆ రోజు అత్త ఆకులంటించి, కొమ్మ నా చేతికిచ్చి, "నిప్పురవ్వ సుత మిగలొద్దు, మొత్తం ఆరినంకనే రా," అని ఇంటికి బయల్దేరింది.

"గంత తెల్వదా అత్తా నాకు?" అన్నాను పొగరుగా.

మంట తగ్గింది. కాస్త దూరంలో తునికిపండ్లు కనబడ్డాయి. ఒళ్లో నింపుకుని తిరిగొచ్చేసరికి నిప్పు మా చెట్టు దాటి, గుట్ట దాటి, ఊరి దారి పట్టింది. అయ్యో దేవుడా! అరుస్తూ పరుగెత్తాను.

చర్చికొచ్చేవాళ్లు, గుడికెళ్లేవాళ్లు తేడా లేకుండా ఊరంతా కదిలింది. కొమ్మలతో కొట్టారు, ఆకులూడ్చి మంటకు దారి లేకుండా చేశారు. మధ్యాహ్నం గాలి మళ్లింది. గడ్డివాముల ముందు మంట ఆగిపోయింది. మనుషులు, గొడ్లు, ఇళ్లు అన్నీ దక్కాయి. "ఎవడంటించిండో, వాని చేతులిరగ!" అని అందరూ తిట్టారు. అందరికంటే గట్టిగా నేనే తిట్టాను.

మూడో రోజు ఆదివారం. చర్చిలో కృతజ్ఞత కూడిక, తర్వాత ఊరందరికీ భోజనాలు. ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెబుతున్నారు. తన ఉపవాస ప్రార్థనకే గాలి మళ్లిందన్నాడు ఒక పెద్దాయన. "ఆ పూట రెండుసార్లు తిన్నడు," అని ఆయన భార్య గొణిగింది.

నాకు నవ్వు రాలేదు. నిప్పు ఎవరిదో తెలిస్తే ఫారెస్టు గార్డు కేసు పెడతాడు, అత్తింటివాళ్లు పుట్టింటికి పంపేస్తారు. చెప్పకపోతే ఈ జన్మలో ఆమెన్ అనడానికి నాకు నోరు రాదు. లేచి నిలబడ్డాను.

"ఆ నిప్పు నాది. ఆరకముందే తునికిపండ్లకు పోయిన," అని ఏడ్చేశాను.

అత్త నా కొంగు పట్టి కిందికి లాగింది. చెవిలో చెప్పాననే అనుకుంది కానీ అందరికీ వినబడింది. "ఊరంతకు ఎర్కనే పోరీ! మంట ఎవల చెట్టు కిందికెల్లి లేసిందో కనవడదా? గార్డుసారుకు తెల్వద్దనే అందరు నోరు మూసుకున్నరు. ఆయన ఎనుక కూసున్నంక చెప్తవా?"

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. భోజనానికి ముందే వచ్చిన గార్డు చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"నేను ప్రార్థనల ఉన్న, నాకేం ఇనవడలే," అన్నాడు కళ్లు తెరవకుండానే. "కూర సల్లారుతాంది, ఆమెన్ అనుండ్రి."

అంటే మూడు రోజులు నాతో కలిసి తిట్టినవాళ్లంతా తెలిసే తిట్టారన్నమాట! సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గాలిని ఎవరి ప్రార్థన మళ్లించిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అన్ని నోళ్లను నా కోసం మూయించినవాడు ఒకడున్నాడని ఆ రోజే నమ్మాను.