కణేకల్ మిట్టల్లో తోడేలు భాగం

కిందటేడు ఆఫ్రికా వెళ్లి సింహాలను చూసి వచ్చాను. గడ్డిమైదానంలో పైకప్పు తెరిచిన జీపులో ఒక సింహాల గుంపు వెంట రెండు రోజులు తిరిగాం. మా డ్రైవరు పశువుల కాపరుల ఇంట పుట్టినవాడు. తిరుగు దారిలో, "మీ ఊళ్లో మందల వెంట ఏది పడుతుంది?" అని అడిగాడు. తాడిపత్రిలో బండల పాలిష్ మిషన్ల మోత మధ్య పెరిగినదాన్ని, నాకేం తెలుసు? నాయన ఎప్పుడో చెప్పింది గుర్తొచ్చి "తోడేళ్లు" అన్నాను. "నువ్వు చూశావా?" అన్నాడు. లేదు. అంత ఖర్చుపెట్టి సముద్రాలు దాటినదాన్ని సొంత జిల్లా తోడేలును చూడలేదంటే నామీద నాకే చిరాకేసింది. అందుకే ఈ ఫిబ్రవరిలో, మా జిల్లాలో తోడేళ్లు ఇంకా తిరుగుతాయని విన్న కణేకల్‌కు బయల్దేరాను.

అనంతపురంలో తెల్లవారుజామున బస్సెక్కితే ఎండ ఎక్కకముందే కణేకల్‌లో దిగొచ్చు. బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జి తిని, వన్నూరు అనే ఆటో అతనితో రోజంతటికీ వెయ్యి రూపాయలకు మాట్లాడుకున్నాను. కాలువ పారినంత మేరా వరి పచ్చగా ఉంది. కాలువ దాటాక ఆ పచ్చదనం ఠక్కున ఆగిపోయింది. అక్కడి నుంచి కాయ పట్టక వదిలేసిన శనగచేలు, ముళ్లకంప, ఎర్రమిట్టలు. "అందరూ జింకల్ని చూసేకి వస్తారక్కా. తోడేలును చూసేకి దుడ్లిచ్చి వచ్చినది నువ్వే. గొర్రెలు కాసే మా మారెక్క పెద్దమ్మ ఇంటే నవ్వుతాది" అన్నాడు వన్నూరు.

మిట్టల దగ్గర ఆటో ఆపి నన్ను ఆమెకు అప్పగించాడు. మారెక్క నవ్వలేదు. యాభై ఏళ్లు దాటిన మనిషి, భుజాన కంబళి, వెనక ఒక కుక్క, ముందు మంద. నన్ను కిందికీ పైకీ చూసి, "నువ్వు దాన్ని చూసేదేముండాదిమ్మా? అదే నిన్ను చూస్తాంటాది. మంద ఎనక నడుచు" అంది. ఆమె చెప్పింది నిజం. సింహాల వెంట మనం పడాలి, ఇక్కడ తోడేళ్లే మంద వెంట పడతాయి.

గంట నడిచాక ఒక మిట్ట మీద కూర్చోబెట్టి, ఎదుట ఎండిపోయిన వాగు, వాళ్ల మాటలో వంక, దాని ఒడ్డు చూపించింది. ఎండుగడ్డి రంగులో తల్లి తోడేలు పడుకుని ఉంది. అది కాపురముండే గుంత ముందర మూడు పిల్లలు దాని తోక పట్టుకుని లాగుతున్నాయి. కెమెరా తీసి, మారెక్క వైపు చూశాను. "ఫోటో తీసుకో. యాడ అని మాత్రం ఎవురికీ చెప్పాకు" అంది మారెక్క. ఆ గుంత కోసం ఊళ్లో వాళ్లు వెతుకుతున్నారట. దొరికితే మిరపకాయల పొగ పెట్టి పిల్లలతో సహా చంపేస్తారు.

మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద సంగటి, వేరుశనగల ఊరిబిండి పచ్చడి పెట్టింది. మందలో ప్రతిదాని చెవికీ ఒకే రకం కోత ఉంది, ఆమెవని గుర్తు. ఒక్క తెల్ల గొర్రెపిల్లకు మాత్రం లేదు. మరిచిపోయారా అని అడిగాను.

"అది మాది కాదమ్మా, తోడేలు బాగం. మా అత్త కాలం నుంచీ గొర్రెలు ఈనే ప్రతి ఈతకీ ఒకదాన్ని చెవి కోయకుండా ఇడుస్తాం. దాన్ని ఎత్తుకపోతే అడగం. చెవి కోసిందాన్ని ముట్టితే మాత్రం ఊరుకోం."

ఆమె కాళ్ల దగ్గర నల్ల గొర్రెపిల్ల ఒకటి తిరుగుతోంది. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది, బుడ్డోడని పేరు పెట్టుకుంది. వాడి చెవి కోత ఈమధ్యే మానింది.

మంద మిట్ట దిగుతుండగా కుక్క ఒకవైపు మొరిగింది. తోడేలు ఇంకోవైపు నుంచి వచ్చింది. నేను కెమెరా ఎత్తేలోపే అయిపోయింది. బుడ్డోణ్ణే ఎత్తుకుపోయింది. "దొంగముండా, నీది ఈడనే ఉండాది గదే! నాదేల ముట్టితివే!" అని అరుస్తూ మారెక్క కట్టెతో పరుగెత్తింది. అందలేదు. మట్టిలో కూలబడి ఏడ్చింది. తెల్లపిల్ల ఆ పక్కనే మేస్తోంది.

ఆ కేకలకు రోడ్డు మీద నుంచి ఇద్దరు బైకు తిప్పుకుని వచ్చారు. వెనక ఎండుగడ్డి, మిరపకాయల సంచి కట్టి ఉన్నాయి. వాళ్లవీ గొర్రెలు పోయాయి, వాళ్ల కోపంలో తప్పులేదు. "నీదీ పాయనా అత్తా? గుంత యాడుండాదో చెప్పు, ఈ పొద్దుతో దాని పని అయిపోతాది" అన్నాడొకడు. రెండోవాడు నా కెమెరా వైపు చూశాడు. "మేడం, నువ్వేమన్నా చూసినావా?"

ఫోటో నా చేతిలోనే ఉంది. తడిసిన ఆమె మొహం చూస్తుంటే, దాచే హక్కు నాకుందా అనిపించింది. పోయింది ఆమె పిల్ల. చెబితే ఆమే చెప్పాలి.

మారెక్క కొంగుతో మొహం తుడుచుకుని, తోడేలు పిల్లలున్న వంకకు పూర్తిగా ఎదురు దిక్కున, ఏరున్న వైపు కట్టె చాపింది. "ఏటి అవతలికి పాయప్పా. గుంత ఆడనే ఉండాది."

బైకు దుమ్ము రేపుకుంటూ అటు వెళ్లిపోయింది. ఎందుకలా చెప్పావు పెద్దమ్మా అన్నాను. ఆమె తెల్లపిల్లను పట్టి మోకాళ్ల మధ్య అదిమింది. నడుముకున్న సంచిలోంచి చిన్న కత్తి తీసి దాని చెవి కోసింది. గాయానికి పసుపు అద్దుతూ, "నాది అది తీసుకునె, దానిది నేను తీసుకుంటి. ఇంగ మాకిద్దరికీ తగువు లేదు" అంది. సాయంత్రం దాకా బుడ్డోడి పాలసీసా ఆమె భుజానికి వేలాడుతూనే ఉంది.

జీపులో ఉన్నప్పుడు సింహం వేటాడితే మేమంతా సంబరపడ్డాం. చచ్చిన జింకకు పేరు లేదు, దానికోసం ఏడ్చే మనిషీ ఎదుట లేదు. ఇక్కడ రెండూ ఉన్నాయి. ఏడ్చిన మనిషే ఆ తోడేలు పిల్లలను బతికించింది. ఇంత బరువైన పని నేను ఏ దేశంలోనూ చూడలేదు. మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఫోటోలు తీసేముందు ఫోనులో, కెమెరాలో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఫోటోతోపాటు చోటు కూడా ఊరంతా తిరుగుతుంది. బస్సు, ఆటో, తిండి సంగతి ఏదడిగినా చెబుతాను. గుంత ఎక్కడ అని అడిగితే మాత్రం, ఏటి అవతల.